పాలపరీక్షలో గాజుగొట్టముల కొలత

పాలసేకరణ కేంద్రమున లీటరు కొలతపై తూనికలు కొలతల శాఖవారి ముద్ర యున్నదా యని అడుగువారు గ్రామములలో చాలమంది కలరు. వెన్నశాతమును తేల్చు గాజుసామానును గూర్చి అడుగువారు అరుదు. పాలధర వెన్ననుబట్టి నిర్ణయమగుచోట ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమని మా అభిప్రాయము.

19వ శతాబ్దాంతమున స్విట్జర్లాండు దేశీయుడగు నిక్లాస్ గెర్బర్ రూపొందించిన పరీక్ష నేటికిని వాడుకలో నున్నది. బ్యుటిరోమీటరను గాజుసీసాలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లమును, పిపెట్టుతో కొలిచిన 10.75 మిల్లీలీటర్ల పాలను, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలును పోసి యంత్రములో వేగముగ త్రిప్పినచో వెన్న విడివడి సీసా మెడలోనికి చేరును. 65 డిగ్రీల వేడిమిలో మెడమీది గీతలను చూచి శాతము చెప్పుదురు. ఆ గీతలు 10.75 మిల్లీలీటర్ల పాలకే లెక్కగట్టి వేసినవి.

పిపెట్టు 10.50 మాత్రమే విడిచినదనుకొందము. 6.0 శాతము వెన్నగల పాలు 5.86గా కనబడును. చూపునకు స్వల్పమే; కాని నూరు కిలోల పాలపై 140 గ్రాముల వెన్న లెక్కకు రాకుండ పోవును. ఒక్క గేదెతో సంసారము నెట్టుకొనివచ్చు ఇంటికి ఇది ఏడాది పొడుగున తగులు నష్టము. పిపెట్టు ఎక్కువ విడిచినచో నష్టము సంఘమునకు. మోసము చేసినవారెవ్వరును లేకయే ఇది జరుగును.

గొట్టము లోపలి వెడల్పు అన్నిటికిని ఒకేరీతి నుండదు. గీత వెంట్రుకవాసి ఎగువకో దిగువకో పడవచ్చును. జిడ్డుపట్టిన గోడపై చుక్కలు నిలిచిపోవును. కొన విరిగినచో పాలు త్వరగా జారి, గోడల నంటుకొని మిగులు పరిమాణము మారును. అందుచేత మంచి సామాను కొన్నంతమాత్రమున పని తీరలేదు, అప్పుడప్పుడు సరిచూడవలెను. దీనినే క్రమాంకనమందురు.

విధానము సులభమే. శుభ్రపరచిన పిపెట్టులో స్వేదనజలమును గీతవరకు నింపి, ముందుగా తూచిన చిన్నసీసాలోనికి విడిచి, సున్నితపు త్రాసులో మరల తూతురు. 27 డిగ్రీల వద్ద 1 మిల్లీలీటరు నీరు 0.9965 గ్రాముల బరువుండును గనుక, 10.75కు ఇంచుమించు 10.7 గ్రాములు రావలెను. వేడిమి మారిన ఈ లెక్కయు మారును. నీటి వేడిమిని వ్రాసికొనని తూకము నిష్ప్రయోజనము. గీతను చూచునపుడు కన్ను దానితో సమమట్టమున నుండవలెను. వంగి చూచువానికొక కొలత, నిక్కి చూచువానికొక కొలత వచ్చుట మనమెరిగినదే.

నేడు పెక్కు కేంద్రములలో క్షణములలో శాతము చూపు విద్యుత్ యంత్రములు వచ్చినవి. వానిని సరిచేయుటకును ఇట్టి రసాయన పరీక్షల ఫలితములే ఆధారము.

త్రాసు, స్వేదనజలము ప్రయోగశాలలో నుండును గనుక ఈ పని ఊరిలో జరుగదు. కాని ఏ గొట్టమునకు ఏ సంఖ్య, ఏ తేదీన సరిచూచిరి, ఎంత తేడా వచ్చినది అను మూడు సంగతులు కేంద్రపు పుస్తకములో నున్నవేమో సభ్యులు అడిగి చూడవచ్చును. కొన విరిగిన పిపెట్టు కనబడినచో దానిని ప్రక్కన పెట్టించి, ఆ పూట పాలను వేరొకదానితో మరల పరీక్షింపజేయవలెను.