డిసెంబరు ఒకటి రాకముందే

చికాగోకి కొత్తగా వచ్చిన చెల్లెళ్లూ, ఈసారి మీ కారు ముచ్చట. ఆగస్టులో చదువుకని దిగుతారు, నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటారు, దీపావళికల్లా డబ్బులు పోగేసి ఓ పాత కారు కొంటారు. ఇంటి ముందు రోడ్డు మీద చోటు దొరుకుతోంది కదా అని అక్కడే పెట్టేస్తారు. ఇల్లు చూసుకునేది ఎండాకాలంలో. మంచు రోజుల్లో కారు ఎక్కడ పెట్టాలని అప్పుడు ఎవరికి తడుతుంది చెప్పండి!

ఈ ఊళ్లో డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా, తెల్లవారుజామున 3 నుంచి ఉదయం 7 వరకు, 107 మైళ్ల మేర పెద్ద రోడ్ల మీద కారు పెట్టకూడదు. కెడ్జీ, మిల్వాకీ లాంటి రోడ్లలో కొన్ని భాగాలు అందులోవే. మంచు ఒక్క రేణువు పడకపోయినా ఇదే రూలు. ఆకాశం చూసి ధైర్యపడకండమ్మా, స్తంభానికున్న బోర్డు చదవండి. ఇవి కాక మరో 500 మైళ్ల రోడ్లున్నాయి. అక్కడ రెండు అంగుళాల మంచు పడితే పగలైనా రాత్రైనా కారు తీసేయాల్సిందే.

తీయకపోతే లాక్కెళ్లినందుకు కనీసం 150 డాలర్లు, టికెట్ 60, వాళ్ల యార్డులో ఉన్నందుకు రోజుకు 25. క్యాంపస్‌లో గంటల లెక్కన పనిచేసే పిల్లకి అది ఎంత పెద్ద దెబ్బో నాకు తెలుసు. అయినా రూలు తప్పని అనను. 1967 జనవరిలో ఇక్కడ 23 అంగుళాల మంచు పడి, వేల కార్లు నడిరోడ్డు మీదే కూరుకుపోయాయి. 1979లో మంచు తీయించలేకపోయాడని జనం కోపగించుకున్నారు, మేయర్ బిలాండిక్ తన పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే జేన్ బర్న్ చేతిలో ఓడిపోయాడు. తెల్లారేసరికి బస్సు కదలాలన్నా, మీలో ఎవరికైనా అంబులెన్స్ రావాలన్నా ఆ రోడ్లు ఖాళీగా ఉండాలి.

నా బెంగల్లా వేరే. రాత్రి పదకొండింటికి పని ముగించుకుని వచ్చిన అమ్మాయి, రూలు పాటించడానికి రెండు వీధుల అవతల కారు పెట్టి, ఆ చీకట్లో, జారే మంచు మీద ఒంటరిగా నడిచి రావాలి. అందుకే ఇంటి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేముందే వెనక సందులో పార్కింగ్ ఉందా, చలికాలం నాలుగు నెలలకే ఇస్తారా అని అడగండి. దాని అద్దె నలుగురూ పంచుకోండి. లేదంటే ఆలస్యంగా వచ్చే అమ్మాయికి ఎదురెళ్లే వంతులు వేసుకోండి. ఇంకో మాట, కారు నలుగురూ నడిపినా టికెట్ వచ్చేది ఎవరి పేరున కొన్నారో ఆ పిల్లకే. చివరగా పెట్టినవాళ్లు ఏ వీధిలో పెట్టారో ఫొటో తీసి గ్రూపులో పెట్టాలని ముందే ఒప్పందం చేసుకోండి.

పొద్దున్నే కారు కనిపించకపోతే దొంగలు పడ్డారని గుండె జారిపోనివ్వకండి. 311కి ఫోన్ చేసి కారు నంబరు చెబితే ఎక్కడుందో చెబుతారు. లైసెన్సు, కారు కాగితాలు తీసుకుని ఇద్దరు కలిసి వెళ్లండి. డబ్బుల్లేవని, ఇంట్లో తిడతారని దాచి రెండు రోజులు ఆగితే ఆ పాతిక డాలర్లు పెరుగుతూనే ఉంటాయి. చేతిలో లేకపోతే స్నేహితుల్ని అడగండి, సీనియర్లని అడగండి. టికెట్ అన్యాయంగా వేశారనిపిస్తే విచారణ కోరే హక్కు మీకుంది, కారు తెచ్చుకున్నాక తీరిగ్గా ఆ పని చూసుకోవచ్చు.