పదును, పిడి: చెక్కుడు కత్తిని మనమే తయారుచేసికొను విధము

నిర్మల్, కొండపల్లి బొమ్మలను మెచ్చుకొనువారు పెక్కుమంది. ఆ బొమ్మల కనుముక్కులను తీర్చిన కత్తి ఎట్టిదని అడుగువారు కొద్దిమంది. ఆ బొమ్మలకు వాడు పొనికి కర్ర మిక్కిలి తేలికైనది, మెత్తనిది. మొద్దుబారిన కత్తి దానిని కోయదు, నలిపివేయును. కావున పనివానికి తన కర్రకు, తన చేతికి తగిన కత్తి అవసరము. అట్టిదానిని స్వయముగా చేసికొను పద్ధతిని విద్యార్థి మిత్రులకు వివరించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ విద్య మనకు పరాయిది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు మూసలలో కరగించిన ఉక్కుకు ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో హెన్రీ వాయిసీ అను శాస్త్రజ్ఞుడు ఆ పనిని స్వయముగా చూచి వ్రాసిన వివరణ 1832లో అచ్చయినది. ఆ ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు అంత దూరము నుండి వచ్చెడివారు. నేడు ఆ కొలుములు చల్లారినవి. అయినను ఇనుమునకు గుణము కల్పించు సూత్రము మారలేదు.

భాషలు కూడ ఆ సూత్రమును దాచియుంచినవి. ఉర్దూలో ‘ఆబ్’ అనగా నీరు. లోహపు మెరుపునకును, కత్తి వాడికిని అదే మాట. తెలుగులో ‘పదును’ అనగా వాన కురిసిన నేలలోని తడి. కత్తి అంచునకును అదే పేరు. కాల్చిన ఉక్కును ద్రవములో ముంచిననే వాడి నిలుచునని రెండు భాషలవారును ఎరుగుదురు.

మొదట లోహమును ఎన్నుకొనవలెను. అరిగిపోయిన పాత ఆకురాయి శ్రేష్ఠము. అందు కర్బనము హెచ్చుగా నుండును. సికిందరాబాదు రాణిగంజి ఇనుప సామాను అంగళ్లకు పేరుపొందినది. అట్టి చోట్ల వెదకవచ్చును. సానచక్రమునకు తాకించినప్పుడు నిప్పురవ్వలు పువ్వులవలె విచ్చినచో మంచి ఉక్కు. పొడవైన గీతలుగా మాత్రమే సాగినచో మెత్తని ఇనుము. జింకు పూత గల ఇనుమును ఎన్నడును కాల్చరాదు. ఆ పొగ హానికరము.

ఆకురాయిని ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి, మెల్లగా చల్లారనిచ్చినచో మెత్తబడును. అప్పుడు కోసి, అరగదీసి, రెండు మిల్లీమీటర్ల మందము, నాలుగు సెంటీమీటర్ల అంచు గల అలుగును తీర్చవలెను. పిడిలోనికి దిగు తోకకు అయిదు సెంటీమీటర్లు విడువవలెను. అంచును ఇప్పుడే పూర్తిగా పలుచన చేయరాదు, కాల్చునప్పుడు వంకరపోవును.

పిమ్మట అలుగును మరల కాల్చవలెను. సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉక్కును అయస్కాంతము ఆకర్షింపదు. ఆ గుర్తు కనబడిన తరువాత మరికొంచెము వేడిచేసి, గోరువెచ్చని వేరుశనగ నూనెలో నిలువుగా ముంచవలెను. నూనె మండవచ్చును గనుక లోహపు పాత్రను వాడి, మూతను చేరువలో ఉంచుకొనవలెను. పని ఆరుబయట జరుగవలెను. ఆకురాయి అలుగుపై పట్టక జారినచో గట్టిపడినదని తెలియును.

ఈ దశలో అలుగు గాజువలె పెళుసు. నేల జారిననే విరుగును. అందుచేత దానిని మెరుగుపెట్టి, వెన్నువైపు నుండి మెల్లగా వేడి చేయవలెను. అంచున ఎండుగడ్డి రంగు కనబడగనే, అనగా సుమారు 220 డిగ్రీల వద్ద, ఆపవలెను. నీలిరంగు అంచు వరకు వచ్చినచో వాడి నిలువదు. గట్టిదనమును కొంత వదులుకొనిననే ఓర్పు లభించును.

పిడికి నల్లతుమ్మ, టేకు, జిట్టేగి వంటి బాగుగా ఆరిన కర్ర తగును. పొడవు పదకొండు, పన్నెండు సెంటీమీటర్లు చాలును. అడ్డుకోత గుండ్రముగాక కోలగా ఉండవలెను. అప్పుడు అంచు ఎటున్నదో చూడకయే చేతికి తెలియును. తోక పట్టునంత రంధ్రము తొలిచి, జిగురుతో బిగించి, మొదట ఇత్తడి పొన్ను తొడుగవలెను. రోకలికి పొన్ను ఎందుకో, దీనికిని అందుకే: కర్ర చీలకుండుటకు.

అలంకరణమునకు హద్దు కలదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములోని జహంగీరు, నూర్జహానుల బాకులు దర్బారు సొగసుకు నిదర్శనములు. మన కత్తి గంటల తరబడి అరచేతిలో మెలగవలసినది. వేళ్లు బిగిసిపట్టు చోట నునుపుగా వదలి, పిడి చివరను మాత్రమే వృత్తలేఖినితో ఆరు రేకుల పువ్వునో, జాలీ అల్లికనో గీసి చెక్కవలెను. ఇత్తడి తీగను సన్నని గాడిలో పొదిగినను అందమే. చివరకు అవిసె నూనె పూయవలెను. నూనె గుడ్డలను ముద్దగా పడవేయరాదు. అవి తమంతట తామే అంటుకొనును. పరచి ఆరబెట్టవలెను.

కడపట తడి సానరాతిపై అంచు తీర్చి, తోలుపై రుద్దవలెను. కోయునప్పుడు రెండవ చేయి ఎల్లప్పుడును అంచునకు వెనుకనే ఉండవలెను.

చదువుకున్న చేతికి పని తగదను అపోహ మనలో ఇంకను పోలేదు. ఒక్క కత్తిని చేసి చూచిన విద్యార్థికి రసాయన శాస్త్రములోని కర్బనమును, రేఖాగణితములోని వృత్తమును, తాతల నాటి కమ్మరి నేర్పును ఒక్కచోటనే దర్శనమిచ్చును. పట్టాతోపాటు ఈ పదును కూడ మన యువతకు అలవడవలెనని మా ఆకాంక్ష.