ఇవ్వనిది తీసుకునే వ్యాపారం



ఈ పాఠంలో పంచశీలలోని రెండో శీలాన్నీ, అష్టాంగ మార్గంలోని సమ్మా ఆజీవనూ, అంటే సరైన జీవనోపాధినీ, కలిపి చదువుకుందాం. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో తల పైకెత్తితే కెమెరా కనిపిస్తుంది. అది మనల్ని చూస్తుంది. దాని మీద బిల్లు పెట్టుకునేవాళ్లు మాత్రం మనకి కనిపించరు. ఆ సంపాదన ధమ్మం ఒప్పుకునే సంపాదనేనా? ఇవాళ్టి ప్రశ్న ఇది.

1. కోసల రాజు వేగులు

ఒకనాటి సాయంత్రం బుద్ధుడు శ్రావస్తిలో విశాఖ కట్టించిన విహారం బయట కూర్చుని ఉన్నాడు. పసేనది రాజు చూడ్డానికి వచ్చాడు. అదే సమయానికి జటిలులు, నిగంఠులు, దిగంబరులు, ఏకవస్త్రులు, పరివ్రాజకులు ఏడేసి మంది చొప్పున ఆ దారిన వెళ్తున్నారు. రాజు లేచి, మోకాలు నేలకి ఆనించి, తన పేరు మూడుసార్లు చెప్పుకుని వాళ్లకి నమస్కరించాడు. తర్వాత బుద్ధుడి దగ్గర కూర్చుని, లోకంలో ఉన్న అరహంతుల్లో వీళ్లూ ఉన్నట్టే కదా అన్నాడు.

బుద్ధుడు వెంటనే అవునని గానీ కాదని గానీ అనలేదు. ఒక మనిషి శీలం తెలియాలంటే అతనితో చాలాకాలం కలిసి బతకాలి, అదీ శ్రద్ధగా గమనిస్తూ బతకాలి అని చెప్పాడు. నిజాయితీ ఇచ్చిపుచ్చుకోవడాల్లో తెలుస్తుంది, నిబ్బరం కష్టకాలంలో తెలుస్తుంది, ప్రజ్ఞ మాట్లాడుకున్నప్పుడు తెలుస్తుంది అన్నాడు. అప్పుడు రాజు అసలు సంగతి బయటపెట్టాడు. వాళ్లు తన వేగులేనట! దేశం మీద తిరిగి సమాచారం తెస్తారు, ఆ తర్వాత దుమ్ము కడుక్కుని, గంధం పూసుకుని, తెల్లబట్టలు కట్టుకుని భోగాలు అనుభవిస్తారు. ఉదానంలో ఈ సంఘటన చివర బుద్ధుడు పలికిన గాథ సారాంశం ఇది: ఇంకొకరి మనిషివి కావద్దు, ఇంకొకరిని ఆనుకుని బతకవద్దు, ధమ్మాన్ని సరుకు చెయ్యవద్దు.

ఇందులో మనకి రెండు పాఠాలున్నాయి. మొదటిది, నిఘా అనేది ఆనాటికే ఒక జీవనోపాధి. రెండోది, దూరం నుంచి చూసినంత మాత్రాన మనిషి తెలియడు. చూసింది అమ్ముకుని బతికేవాడికి ఈ రెండో సంగతి చెవికెక్కదు.

2. మన కృష్ణ ఒడ్డున

ఇక మన ఊళ్ల సంగతి చూద్దాం. వందమంది ఒకేసారి చేరే చోట్ల కెమెరాలు పెట్టాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం చేసింది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి విజయవాడ ఘాట్ల మీద కెమెరాలు, డ్రోన్లు కాపలా కాశాయి. అదే సంవత్సరం ప్రజాసాధికార సర్వే పేరుతో ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ వచ్చి వివరాలు ఎక్కించుకున్నారు. 2017లో వెలగపూడి సచివాలయంలో రియల్ టైమ్ గవర్నెన్స్ కేంద్రం మొదలైంది. 2019 ఆగస్టు 15 నుంచి యాభై ఇళ్లకి ఒక వాలంటీరు వచ్చారు. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి. మన వివరాలు పోగుచెయ్యడం మాత్రం ఆగలేదు.

వీటన్నిటినీ చెడ్డవి అనడం ధమ్మదృష్టి కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు డ్రోన్లే అన్నం పొట్లాలు, మందులు మోశాయి. పనిముట్టుకి పాపం అంటదు. దాన్ని నడిపించే చేతనని, అంటే ఉద్దేశాన్ని, చూడమన్నాడు బుద్ధుడు.

3. లాభం ఎక్కడ పుడుతుంది?

ప్రభుత్వం కెమెరాని తనే తయారుచెయ్యదు. టెండరు పిలుస్తుంది. కెమెరా ఒకరు అమ్ముతారు, కేబుల్ ఒకరు లాగుతారు, మొహాలు పోల్చే సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒకరు ఇస్తారు, సర్వర్లు ఒకరు నడుపుతారు, తెరల ముందు కూర్చునే పిల్లల్ని ఇంకొకరు ఔట్‌సోర్సింగ్ మీద పెడతారు. ఆ తర్వాత ఏటేటా మెయింటెనెన్సు బిల్లు. సాధారణంగా బిల్లు ఎన్ని కెమెరాలు, ఎన్ని లైసెన్సులు, ఎన్ని నెలలు అన్నదాని మీద లెక్క కడతారు. ఎన్ని దొంగతనాలు తగ్గాయి, ఎంతమంది ఆడపిల్లలు భయం లేకుండా ఇంటికి చేరారు అన్నదాని మీద కాదు. కాబట్టి కాంట్రాక్టరుకి కెమెరాలు పెరగాలి, భయం తగ్గకూడదు. ఇది ఒక మనిషి చెడ్డతనం కాదు, ఆ ఏర్పాటు స్వభావమే అంత. తణ్హకి ‘ఇక చాలు’ అన్న మాట తెలియదని ధమ్మం చెప్తుంది. ఇక్కడ ఆ తణ్హ కాంట్రాక్టు కాగితంలోనే కూర్చుంది.

ప్రపంచమంతా ఇదే తీరు. 2013లో అమెరికా ప్రభుత్వ రహస్య నిఘాని బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ అప్పటికి పనిచేస్తున్నది బూజ్ అలెన్ హామిల్టన్ అనే ప్రైవేటు కాంట్రాక్టు కంపెనీలో. ఫోన్లలోకి దూరే పెగాసస్‌ని తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓ, తన సరుకు ప్రభుత్వాలకే అమ్ముతానని తనే చెప్పుకుంది.

4. అదిన్నాదాన

రెండో శీలాన్ని మనం ‘దొంగతనం చెయ్యను’ అని చెప్పుకుంటాం. పాళిలో మాట అంతకంటే లోతైనది. అదిన్నాదాన అంటే ఇవ్వనిది తీసుకోవడం. ఇల్లు మంజూరు కావాలని ఒక తల్లి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, కులం రాసి ఇచ్చింది. ఆమె ఇచ్చింది ఇంటి కోసం. ఇంకో పనికి వాడితే అది ఇవ్వనిది తీసుకున్నట్టే.

2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం ఎవరైనా చూసుకునేలా బయటపడ్డాయి. కులాన్ని బట్టి, మతాన్ని బట్టి వెతుక్కునే వీలు కూడా ఉంది. ఏ గూడెం ఎవరిదో, ఏ వీధి ఎవరిదో ఊరికి తెలియనిది కాదు. దాన్ని ఒక్క నొక్కుతో పట్టికగా తియ్యగలగడం మాత్రం కొత్త ప్రమాదం.

2019 మార్చిలో ఐటీ గ్రిడ్స్ అనే ప్రైవేటు కంపెనీ మీద కేసు నడిచింది. రెండు తెలుగు రాష్ట్రాల 7.82 కోట్ల మంది ఆధార్ వివరాలు ఆ కంపెనీ దగ్గర ఉన్నాయని ఆరోపణ. ఆధార్ సంస్థే పోలీసులకి ఫిర్యాదు ఇచ్చింది. ఆ కంపెనీ యాప్ వాడిన పార్టీ, అప్పటి అధికార పార్టీ, ఆరోపణలను ఖండించింది. 2023 జూలైలో వాలంటీర్లు సేకరించిన వివరాలు ప్రైవేటు చేతుల్లోకి పోతున్నాయని అప్పటి ప్రతిపక్షం ఆరోపించింది. అప్పటి ప్రభుత్వం ఖండించింది. ఎవరిది నిజమో తేల్చడం మన పని కాదు. ఒకటి మాత్రం గమనించండి. అన్ని పక్షాలకీ ఆ పట్టిక విలువ తెలుసు. అందులో పేరున్న మనల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

చట్టం ఏమంటోంది? వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. 2018 సెప్టెంబరు 26న ఆధార్‌ని ప్రైవేటు కంపెనీలు వాడుకునే దారిని మూసింది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మాత్రం ప్రభుత్వ సంస్థలకి మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రం చేతిలో ఉంచింది. ఆ సందులో కంచె మన జాగ్రత్తే.

5. ధమ్మం వ్యాపారానికి వ్యతిరేకమా?

కాదు. అమరావతి మహాస్తూపానికి రాళ్లు చెక్కించినవాళ్లలో వర్తకులున్నారు, సుగంధద్రవ్యాలు అమ్మేవాళ్లున్నారు, భిక్షుణులున్నారు. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానమిచ్చాడు. తన పేరూ తన వృత్తీ రాతి మీద తనే రాయించుకున్నాడు. తన వివరం తనే గౌరవంగా చెప్పుకోవడం అంటే అది. ఆధార్‌తో పాటు కులం గడి నింపించుకుని, దాన్ని మన వెనక ఎవరో అటూ ఇటూ తిప్పడం దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఉపాసకులు చెయ్యకూడని ఐదు వ్యాపారాలు బుద్ధుడు చెప్పాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ప్రాణుల వ్యాపారం అంటే మనుషుల్ని అమ్మడమని అట్ఠకథ వివరిస్తుంది. మనిషి వివరాల అమ్మకం అక్కడ లేదు. అయితే పింఛను, బియ్యం, ఇల్లు అన్నీ ఒక పట్టిక మీద ఆధారపడ్డ రోజుల్లో, ఆ పట్టికని అమ్మడం మనిషి బతుకుని అమ్మడానికి దగ్గరగా వస్తుంది. ఇది సూత్రంలోని మాట కాదు, సూత్రం వెలుగులో మనం తీసుకోవాల్సిన అర్థం. మహాచత్తారీసక సూత్రంలో తప్పుడు జీవనోపాధుల కింద మోసం, ముఖస్తుతి లాంటి వాటితో పాటు లాభంతో లాభాన్ని వేటాడడం కూడా ఉంది. పెట్టుబడిదారీ విధానం గుణమని పొగిడేదాన్ని బుద్ధుడు దోషాల వరసలో పెట్టాడు.

కూటదంత సూత్రంలో ఒక రాజ్యంలో దోపిడీలు పెరుగుతాయి. పురోహితుడు శిక్షలు పెంచమనడు. సేద్యం చేసేవాళ్లకి విత్తనాలు, వర్తకులకి మూలధనం, కొలువులో ఉన్నవాళ్లకి కూలీ ఇవ్వమంటాడు. అలా చేసిన రాజ్యంలో జనం తలుపులు తెరుచుకుని నిద్రపోయారని చెప్తుంది సూత్రం. డెల్టాలో కౌలురైతుకి అప్పు పుట్టని చోట, కాలవ చివరి భూమికి నీళ్లందని చోట, భద్రత పేరుతో ఖర్చయ్యే ప్రతి రూపాయినీ ఈ సూత్రంతో కొలిచి చూడాలి. బాబాసాహెబ్ 1956 నవంబరులో ఖాట్మండులో బుద్ధుణ్ణీ మార్క్స్‌నీ పోల్చి మాట్లాడినప్పుడు, దోపిడీ పోవాలి కానీ హింసతో కాదు, మనసు మారి పోవాలన్న దారిని చూపించాడు.

6. మనం ఏం చెయ్యాలి?

మన ఇళ్లలో సాఫ్ట్‌వేర్ చదివిన పిల్లలున్నారు. రేపు ఇలాంటి కంపెనీలో ఉద్యోగం వస్తే వద్దని కసరకండి. ఈ పని ఎవరి దుఃఖాన్ని పెంచుతుంది, ఎవరి దుఃఖాన్ని తగ్గిస్తుంది అని కలిసి కూర్చుని ఆలోచించండి. సమ్మా ఆజీవ సాధన అక్కడే మొదలవుతుంది.

వివరాలు అడిగినవాళ్లని మర్యాదగా మూడు మాటలు అడగండి. ఇది దేనికి? ఎవరి దగ్గర ఉంటుంది? ఎప్పుడు చెరిపేస్తారు? కాలనీలో కెమెరాలు పెడితే 2005 సమాచార హక్కు చట్టం కింద కాంట్రాక్టు ప్రతి కోరండి. పక్కవాళ్ల వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పంచకండి. రెండో శీలం మనకీ వర్తిస్తుంది గదా!

వచ్చే ఆదివారం వందన తర్వాత చర్చించడానికి రెండు ప్రశ్నలు:

ఇచ్చిన పనికి కాక ఇంకో పనికి వాడుకోవడం అదిన్నాదాన అవుతుందా?

పసేనది ముందు నుంచి నడిచి వెళ్లిన ఆ వేగులు తమ ఉపాధి వదలాలంటే రాజు ఏం మారాలి, వాళ్లు ఏం మారాలి?

భవతు సబ్బ మంగళం.