మట్టి లేని సేద్యం

నల్లమల కొండలకు తూర్పున ఉన్న గిద్దలూరు ప్రాంతంలో సేద్యం ప్రధానంగా వానలపైనా, బోరుబావులపైనా ఆధారపడి ఉంది. గుండ్లకమ్మకు అడ్డుగా విజయనగర రాజుల కాలంలో నిర్మించిన కంభం చెరువు ఈ సీమలో నీటికి గల విలువను నేటికీ చాటుతున్నది. వానలు తప్పిన ఏడు పైరుతోపాటు పశుగ్రాసానికీ కరవు ఏర్పడుతుంది. ఇటువంటి చోట మట్టి అవసరం లేకుండా, కొద్దిపాటి నీటితో మొక్కలను పెంచే విధానం ఎంతవరకు ఉపకరిస్తుందో ఆలోచించవలసి ఉంది.

నేల మొక్కకు నిలదొక్కుకొనే ఆధారాన్ని ఇస్తుంది. నీటిని, గాలిని, పోషక లవణాలను వేళ్లకు అందిస్తుంది. వీటిని మరొక విధంగా సమకూర్చగలిగితే మట్టి లేకపోయినా మొక్క పెరుగుతుంది. 1860 ప్రాంతంలో జర్మనీ శాస్త్రవేత్తలు సాక్స్, నాప్ లవణాలు కరిగిన నీటిలో మొక్కలను పెంచి ఈ సత్యాన్ని నిరూపించారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గెరిక్ దీనిని ప్రయోగశాల నుండి పంటల సాగుకు మళ్లించి, 1937లో 'హైడ్రోపోనిక్స్' అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. గ్రీకు భాషలో 'హైడ్రో' అంటే నీరు, 'పోనస్' అంటే శ్రమ. మన దేశంలో షోల్టో డగ్లస్ 1946లో బెంగాల్‌లోని కాలింపాంగ్‌లో ప్రయోగాలు చేసి, సామాన్యులకు అందుబాటులో ఉండే సులభ పద్ధతిని రూపొందించాడు.

ఈ విధానంలో నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం, ఇనుము మొదలైన పోషకాలను తగిన పాళ్లలో నీటిలో కరిగిస్తారు. ద్రావణం పీహెచ్ విలువ సాధారణంగా 5.5 నుండి 6.5 వరకు ఉండాలి. కొన్ని పద్ధతులలో ఈ ద్రావణాన్ని గొట్టాల గుండా వేళ్లను తాకుతూ ప్రవహింపజేసి, తిరిగి తొట్టిలోకి చేర్చి మళ్లీ వాడతారు. అందువల్ల నీరు నేలలోకి ఇంకిపోదు. ఆకుకూరలు, టమాటా వంటివి ఇందుకు అనువైనవి.

పశుపోషకులకు ఉపయోగపడే మరొక రూపం మొలక మేత. మొక్కజొన్న గింజలను నానబెట్టి, మొలకెత్తించి, పళ్లేలలో పరచి నీరు చిలకరిస్తే ఏడెనిమిది రోజులలో పచ్చిమేత సిద్ధమవుతుంది. కిలో గింజల నుండి అయిదారు కిలోల మేత లభిస్తుంది. అయితే ఈ లెక్కను జాగ్రత్తగా పరిశీలించాలి. కిలో గింజలలో ఇంచుమించు 900 గ్రాముల పొడి పదార్థం ఉంటుంది. ఆరు కిలోల మేతలో పొడి పదార్థం నూటికి 13 పాళ్లు అనుకుంటే, అది 780 గ్రాములే. మొలకెత్తే గింజ తనలోని నిల్వను శ్వాసక్రియకు కొంత ఖర్చు చేస్తుంది. పెరిగిన బరువు నీటిదే. కాబట్టి ఈ మేత పశువుకు పచ్చదనాన్ని, విటమిన్లను అందించగలదు గాని చొప్పకు, ఎండుగడ్డికి పూర్తి ప్రత్యామ్నాయం కాజాలదు.

మరికొన్ని పరిమితులు కూడా ఉన్నాయి. బోరునీటిలో లవణాలు ఎక్కువగా ఉంటే, మొక్క నీటిని పీల్చుకొనేకొద్దీ అక్కరలేని లవణాలు ద్రావణంలో పేరుకొని వేళ్లకు హాని చేస్తాయి. అందుచేత సాగుకు ముందే నీటిని పరీక్షించాలి. వాననీటిని నిల్వచేసుకోవడం మేలు. నేలలోని తేమ మొక్కను కొన్ని రోజులైనా కాపాడుతుంది. గొట్టాలలో పెరిగే మొక్కకు ఆ రక్షణ లేదు. వేసవిలో విద్యుత్తు నిలిచి ప్రవాహం ఆగితే, కొద్ది గంటలలోనే అది వాడిపోతుంది. ఒక మొక్క వేళ్లకు సోకిన తెగులు నీటి ద్వారా మిగిలిన వాటికీ వ్యాపిస్తుంది. పరికరాలకు పెట్టుబడి కూడా అవసరమే.

మట్టి మౌనంగా చేసే పనులన్నింటినీ ఈ సేద్యంలో మానవుడు తానే చేయవలసి ఉంటుంది. ఇది నీటిని పొదుపు చేయగలదే గాని సృష్టించలేదు. గిద్దలూరు వంటి మెట్టప్రాంతంలో చెరువులను కాపాడుకొని, వాననీటిని నిలుపుకొన్నప్పుడే ఇటువంటి నూతన విధానాలు రైతుకు నిజమైన తోడ్పాటు కాగలవు.