లవం చూసి మురవకు, హారం అడుగు

కాకినాడ

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ దీవించి రాసేది.  

నువ్వు ఫోన్లో పంపిన కరపత్రం చూశాను. అండాలు దాచుకోండి, కరిగించినప్పుడు నూటికి తొంభైకి పైగా బతుకుతాయి అని గులాబీ రంగు అక్షరాల్లో అచ్చువేశారు. దాని కింద నువ్వు, "పెద్దమ్మా, నా థీసిస్ దీనిమీదే. క్యాన్సర్ వచ్చిన ఆడపిల్లలకు ఇది వరం కదూ" అని రాశావు. వరమే, కాదనను. అయితే ఒక్క మాట చెప్పాలి. ఫోన్లో చెబితే ఓపీ గొడవలో కొట్టుకుపోతుందని కాగితం మీద పెడుతున్నాను.

ఐదో తరగతిలో లెక్కల మాస్టారు గీత పైనుంటే లవం, కిందుంటే హారం అని చెబితే, "హారం మెళ్లో కదండీ వేసుకునేది" అని నేను బెంచీ ఎక్కాను. ఆ రోజు నవ్విన పిల్లలెవరికీ తెలియదు, నాకూ తెలియదు, నా వైద్యమంతా చివరికి ఆ గీత కిందిదాని చుట్టూనే తిరుగుతుందని. మన రంగంలో అబద్ధాలు చెప్పేవాళ్లు తక్కువ. హారం చెప్పకుండా లవం చెప్పేవాళ్లు ఎక్కువ.

ఆ తొంభైనే చూడు. అది కరిగించిన అండాల లెక్క. బతికిన అండమల్లా ఫలదీకరణ చెందదు. చెందినదల్లా ఐదో రోజుదాకా పెరగదు. పెరిగిన పిండమల్లా గర్భసంచిలో నిలవదు. నిలిచిన గర్భానికల్లా నెలలు నిండవు. మెట్టు మెట్టుకీ కొంత రాలిపోతుంది. నీ ఎదుట స్టూలు మీద కూర్చునేది అండం కాదు, మనిషి. ఆవిడ అడిగేది ఒక్కటే: "నాలాంటివాళ్లు వందమంది దాచుకుంటే ఎంతమంది బిడ్డనెత్తుకుని ఇంటికెళ్లారు?" ఆ ప్రశ్నకు హారం అండాలు కాదు, ఆడవాళ్లు.

ఇలా లెక్కకట్టిన పరిశోధన ఒకటుంది, వెతికి చదువు. స్పెయిన్‌లో అనా కోబో బృందం 2018లో ప్రచురించింది. క్యాన్సర్ వైద్యానికి ముందు అండాలు దాచుకున్నవాళ్లు 1,073 మంది. వాళ్లలో తిరిగి వచ్చి వాడుకున్నది 80 మంది. జబ్బేమీ లేకుండా వయసు దాటిపోతుందని దాచుకున్నవాళ్లు 5,289 మంది, తిరిగి వచ్చింది 641. పిల్లలు పుట్టిన శాతాలన్నీ ఈ తిరిగి వచ్చినవాళ్లలో లెక్కించినవే. మిగతావాళ్ల సంగతి? కొందరికి మందులు ఇంకా నడుస్తుండవచ్చు. కొందరికి మామూలుగానే కడుపు పండి ఉండవచ్చు. కొందరికి పిల్లలు వద్దనిపించి ఉండవచ్చు. కొందరు లేకపోయి ఉండవచ్చు. వీళ్లందర్నీ ఒకే గాటన కట్టి "వాడుకోలేదు" అని రాయడం తేలిక. విడదీసి చూడటమే పరిశోధన.

ఇక దాచడం ఎందుకు, ఎలా అన్నది. ఆడపిల్లకు అండాల సంచిలోని నిల్వ పుట్టకముందే తరగడం మొదలవుతుంది. ఇరవై వారాల పిండంలో 60, 70 లక్షలుంటాయి. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షలు, రజస్వల అయ్యేనాటికి 3, 4 లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి 400 అటూఇటూ. కొత్తగా జమ పడేది లేదు. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందు ఈ ఖాతాలోంచి ఒక్కసారే పెద్ద మొత్తం ఎత్తేస్తుంది. ఇరవై రెండేళ్ల పిల్లకు నెలసరి తిరిగి రావచ్చు. వచ్చిందని నిశ్చింతగా ఉండకు, నిల్వ ఎంత మిగిలిందన్నది వేరే ప్రశ్న.

అండాన్ని దాచడం ఇన్నేళ్లు ఎందుకు కష్టమైందో మీ అమ్మ చేసే పల్లీపట్టీ చూస్తే తెలుస్తుంది. పాకం సరిగ్గా కుదిరితే చల్లారాక గాజులా నిలిచి, ఠప్పున విరుగుతుంది. కుదరకపోతే పలుకు కడుతుంది. అండమంటే నీళ్ల తిత్తి. మెల్లగా చల్లబరిస్తే లోపలి నీరు మంచు పలుకులు కట్టి, సూదుల్లా దాన్ని చీల్చేస్తుంది. 1986లో ఆస్ట్రేలియాలో క్రిస్టఫర్ చెన్ ఘనీభవించిన అండంతో గర్భం సాధించినా, ఇరవై ఏళ్లపాటు ఆ పద్ధతి అందరి చేతికీ రాకపోవడానికి కారణం ఇదే. విట్రిఫికేషన్ అనే తర్వాతి పద్ధతిలో పలుకు కట్టే వ్యవధే ఇవ్వరు. నేనొకసారి ల్యాబులో మైక్రోస్కోపు కింద చూశాను. మిల్లీమీటరులో పదోవంతుండే అండం మొదటి ద్రావణంలో వేయగానే ఎండు ద్రాక్షలా ముడుచుకుపోయింది. నా గుండె జారింది. ఎంబ్రియాలజిస్టు నవ్వి, "ఆగండి మేడమ్" అంది. కాసేపటికి అది మెల్లగా గుండ్రంగా సర్దుకుంది. తర్వాత చిక్కటి రెండో ద్రావణం, అందులో నిమిషం అటూఇటూ. సన్నటి పట్టీ మీద కంటికానని చుక్కతో సహా ఎత్తి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ముంచేసింది. అమెరికన్ సొసైటీ ఫర్ రీప్రొడక్టివ్ మెడిసిన్ 2012లో అండాల నిల్వకు, 2019లో అండాశయ కణజాల నిల్వకు "ప్రయోగాత్మకం" అన్న ముద్ర తీసేసింది.

ఎవరికి ఏది అన్నది వరస పెట్టుకో. పెళ్లయి, ఇద్దరూ ఒప్పుకుంటే పిండాలు. పెళ్లికాని పిల్లకు అండాలు. రజస్వల కాని పసిదానికి, రెండు వారాలు కూడా ఆగలేని రోగికి అండాశయం ముక్క. లుకేమియా అయితే ఆ ముక్కలో క్యాన్సర్ కణాలు దాగి తిరిగి ఒంట్లోకి రావచ్చు, భద్రం. నెలసరి వచ్చేదాకా ఆగాలన్నది పాత మాట. ఇప్పుడు ఏ రోజైనా ఇంజెక్షన్లు మొదలుపెట్టి రెండు వారాల్లో అండాలు తీయవచ్చు. రొమ్ము క్యాన్సరైతే ఈస్ట్రోజన్ పెరగకుండా లెట్రొజోల్ మాత్ర జతచేస్తారు. సమ్మతి పత్రం మాత్రం తొందరపడి సంతకం పెట్టించే కాగితం కాదు. ఆ మనిషికి ఏమైనా అయితే దాచినవాటిని ఏం చేయాలో రాతపూర్వకంగా తీసుకోకుండా దాచకూడదని మన 2021 ఏఆర్‌టీ చట్టమే చెబుతోంది. ఆ మాట అడగడం కష్టం. అయినా అడగాలి.

హారంలో ఒకటే ఉన్నప్పుడు ఏం చేస్తాం అంటావేమో. అప్పుడు రాతే సాక్ష్యం. 2004లో బ్రస్సెల్స్‌లో జాక్ డోనే ఒక బిడ్డ పుట్టుకను ప్రకటించాడు. తల్లికి హాడ్జ్‌కిన్స్ లింఫోమా. 1997లో కీమోకు ముందు అండాశయం ముక్కలు తీసి దాచి, 2003లో తిరిగి అతికించారు. ఆ అండం అతికించిన ముక్కదేనా, ఒంట్లో మిగిలిన అండాశయానిదా అని తోటి శాస్త్రవేత్తలే నిలదీశారు. అది అసూయ కాదు, విజ్ఞానం నడిచే తీరే అది. తర్వాత అలా పుట్టిన పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ ఆ వాదు సద్దుమణిగింది.

మన దేశంలో ఇంకో కథ జరిగింది. 1978 అక్టోబర్ 3న, ఇంగ్లండులో మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయీస్ బ్రౌన్ పుట్టిన 70 రోజులకు, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతుల మీదుగా ఒక టెస్ట్‌ట్యూబ్ పాప పుట్టింది. పిండాన్ని 53 రోజులు ఘనీభవింపజేసి, తర్వాత గర్భసంచిలో పెట్టానన్నాడాయన. ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. 1981 జూన్‌లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఘనీభవించిన పిండంతో మెల్‌బోర్న్‌లో బిడ్డ పుట్టింది 1984లో. 1986లో ముంబైలో పుట్టిన పాపతో దేశంలో మొదటివాడన్న పేరొచ్చిన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్, 1997లో ముఖోపాధ్యాయ్ చేతిరాత కాగితాలు చదివి, మొదటివాడిని నేను కాదు, ఆయనే అని రాశాడు. బుజ్జీ, మనిషి పోయాక పదహారేళ్లకు ఆ మనిషి పక్షాన మాట్లాడినవి ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు.

గర్భం వచ్చాక ఏమవుతుందన్నది రెండో సగం. చాలామంది ఇక్కడిదాకా రారు. పాజిటివ్ అనే పరిశోధన 2023లో వచ్చింది. హార్మోన్ మాత్రలు వాడుతున్న 42 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ రోగులను బిడ్డ కోసం రెండేళ్లదాకా మాత్రలు ఆపనిచ్చి చూశారు. లెక్కకు దొరికిన 497 మందిలో 368 మందికి గర్భం వచ్చింది, 317 మందికి బిడ్డ పుట్టింది. మూడేళ్లలో జబ్బు తిరగబెట్టడం 8.9 శాతం. పోల్చిన పాత బృందంలో 9.2. మంచి వార్తే. కానీ ఈ రకం క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా తలెత్తగలదు, వాళ్లు చూసింది సుమారు మూడున్నరేళ్లు. ఇది రోగికి చెప్పేటప్పుడు రెండు సగాలూ చెప్పు.

మధ్యలో, అండాశయాలను కాపాడటం గురించి పోయెమ్స్ అని ఇంకో పరిశోధన, 2015ది. కీమోతోపాటు గోసెరెలిన్ ఇంజెక్షన్ ఇస్తే అండాశయాలు దెబ్బతినడం 22 నుంచి 8 శాతానికి తగ్గిందన్నారు. ఇది చదివి నువ్వు ఎగిరి గంతేస్తావు. ఆగి కింద చూడు: చేరినవాళ్లు 257, ఆ ప్రధాన లెక్కకు వివరాలు దొరికింది 135 మందివి. ఫలితం తప్పని అనను. హారం కరిగిపోయిన చోట గొంతు కాస్త తగ్గించి మాట్లాడాలంటాను. ఇంజెక్షన్ ఇచ్చాం కదా, అండాలు దాచనక్కర్లేదని మాత్రం ఎవరికీ చెప్పకు.

మళ్లీ గర్భం సంగతికి వస్తే, 2021లో లాంబెర్తీనీ బృందం పాత పరిశోధనలన్నీ కూడి చూసింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 1,12,840 మందిలో తర్వాత గర్భం దాల్చినవాళ్లు 7,505. పుట్టిన బిడ్డల్లో అవకరాలు చెప్పుకోదగ్గంత పెరగలేదు. నెలలు నిండకముందు కాన్పు, తక్కువ బరువు మాత్రం సుమారు ఒకటిన్నర రెట్లు కనబడ్డాయి. గర్భం దాల్చినవాళ్లు దాల్చనివాళ్లకన్నా ఎక్కువకాలం బతికినట్టు కూడా కనబడింది. ఇక్కడే కాలు జారతాం. గర్భం ఆయుష్షు పోసిందా, లేక ఆయుష్షు, ఆరోగ్యం ఉన్నవాళ్లే గర్భం దాల్చారా? మూడేళ్లకు కనాలంటే ముందు మూడేళ్లు బతకాలి కదా. దీన్ని ఫిన్లాండు పరిశోధకులు 1994లోనే "ఆరోగ్యవంతురాలైన తల్లి ప్రభావం" అన్నారు. కాబట్టి "గర్భం వస్తే హాని అని తేలలేదు" అను. "గర్భం వస్తే మేలు" అనకు. కటి భాగానికి రేడియేషన్ తీసుకున్న పిల్ల గర్భిణిగా వస్తే మరీ కనిపెట్టి ఉండు. అండాలు దాచగలిగాం గానీ, ఆ కిరణాల దెబ్బ తిన్న గర్భసంచిని దాచలేకపోయాం.

ఇప్పుడొక మాట, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిది. నేను ఉద్యోగంలో కొత్త. వార్డులో ఇరవైమూడేళ్ల పిల్ల, మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ, హాడ్జ్‌కిన్స్. తండ్రి చేతిలో ఎప్పుడూ పెళ్లిచూపుల ఫొటో ఉన్న కవరు. సోమవారం నుంచి కీమో అన్నారు. నన్ను పిలిచింది నెలసరి ఎక్కువైందని. మాత్ర రాసి వచ్చేశాను. నాలుగేళ్లకు ఆ పిల్ల మెట్టెలు పెట్టుకుని నా ఓపీకి వచ్చింది. జబ్బు నయమైంది, నెలసరి ఆగిపోయి ఏడాది. రిపోర్టు చూసి నేను తల దించుకున్నాను. ఆవిడ కోపపడలేదు. "అప్పుడే ఒక మాట చెప్పి ఉంటే ఏం చేసేవాళ్లమో తెలియదు గానీ, చెప్పి ఉండాల్సిందమ్మా" అంది. అప్పటికి అండాలు దాచే వసతి మన వైపు లేదు, నిజమే. కానీ నేను చెప్పకపోవడానికి కారణం వసతి లేకపోవడం కాదు. నాకు తోచకపోవడం.

అందుకని నీ థీసిస్‌కు గులాబీ కరపత్రం వద్దు. ఖరీదైన ల్యాబు కూడా అక్కర్లేదు. మీ ఆస్పత్రిలో ఏడాదిలో క్యాన్సరని తేలిన నలభై ఏళ్లలోపు ఆడవాళ్ల కేస్‌షీట్లు అన్నీ తీయి. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, ఒక నోటుపుస్తకంలో గళ్లు గీయి: వయసు, జబ్బు, కీమో మొదలైన తేదీ, పిల్లల సంగతి ఎవరైనా అడిగిన తేదీ. ఈ చివరి గడే నీ పరిశోధన. చాలా గళ్లు ఖాళీగా ఉంటాయి. వాటిని వదిలేయకు, ఖాళీ అని రాయి. అడిగినవాళ్లలో ఎంతమంది దాచుకున్నారన్నది తర్వాతి సంగతి. ముందు అడగాల్సినవాళ్లు ఎంతమందో తేల్చు.

గైడు మేడమ్ ఇది చిన్న పని అనవచ్చు. అంటే నా ఉత్తరం చూపించు. ఆ పిల్ల ఏ పరిశోధనలోనూ లేదు, ఏ శాతంలోనూ లేదు. దాచుకోలేదు కాబట్టి దాచుకున్నవాళ్ల లెక్కలోకి రాలేదు. గర్భం రాలేదు కాబట్టి ఆ లెక్కలోకీ రాలేదు. నీ పుస్తకంలో గీత కింద అలాంటివాళ్లకు చోటు పెట్టు.

సంక్రాంతికి వస్తావుగా, ఆ పుస్తకం వెంట తెచ్చుకో. కాజాలు నేను తెప్పిస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ