మాన్యువల్ ఫోకస్ ప్రైమ్ లెన్స్ కొంటున్నారా? ఎఫ్ నంబర్ కంటే ముందు దూరం చూడండి

సింగరేణి ఇళ్లలో రిటైర్మెంట్ రోజంటే చిన్న విషయం కాదు. మా బాపు చివరి షిఫ్ట్ దిగి, గోదావరిఖనిలో బాయి గేటు బయట చెట్టు నీడలో దండ వేసుకుని నిలబడ్డప్పుడు నా చేతిలో కొత్త లెన్స్ ఉంది. 50 ఎంఎం, ఎఫ్/1.2, మాన్యువల్ ఫోకస్. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అదిరిపోతుందని దాచుకున్న డబ్బులన్నీ పెట్టి కొన్నా. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే దండలో బంతిపూలు షార్ప్‌గా ఉన్నాయి, బాపు కళ్లు మసక. తీసినవాటిలో ఒక్కటీ పనికిరాలేదు. "పోనీలే బిడ్డా" అన్నడు బాపు. కానీ ఆ రోజు మళ్లీ రాదు కదా!

లెన్స్‌లో లోపం లేదు. నేను ఎంచుకున్న తీరులోనే లోపం. మీరు అదే తప్పు చేయకుండా నేను నేర్చుకున్నది చెప్తా. లెక్కలన్నీ ఏపీఎస్-సి సెన్సర్ కెమెరాకి, సుమారుగా.

అసలు ఏం జరిగింది?

నేను బాపుకి మీటరున్నర దూరంలో ఉన్నా. 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్/1.2లో వాడితే అంత దగ్గర్లో షార్ప్‌గా వచ్చే లోతు దాదాపు 4 సెంటీమీటర్లే. మనిషి ముక్కు నుంచి చెవి దాకా కూడా సరిపోదు. ఆయన దండం పెడుతూ కొంచెం ముందుకు వంగితే చాలు, ఫోకస్ పోయినట్టే. ఆటోఫోకస్ లెన్స్ అయితే కంటిని వెంటాడుతుంది. ఇక్కడ ఆ పని మన వేళ్లే చేయాలి.

ముందు ఫోకల్ లెంగ్త్

మాన్యువల్ లెన్స్ అసలు బలం బ్లర్ కాదు, ముందే ఫోకస్ సెట్ చేసి పెట్టుకోగలగడం. దీన్ని జోన్ ఫోకస్ అంటారు. ఎఫ్/8 పెట్టి, ఫోకస్ రింగ్‌ని రెండున్నర మీటర్ల దగ్గర ఆపితే ఏ లెన్స్‌లో ఎంత మేర షార్ప్‌గా వస్తుందో చూడండి:

- 25 ఎంఎం: 1.5 నుంచి 7 మీటర్ల వరకు
- 35 ఎంఎం: 1.9 నుంచి 3.7 మీటర్ల వరకు
- 50 ఎంఎం: 2.2 నుంచి 3 మీటర్ల వరకు

తేడా అర్థమైందా? చౌరస్తాలో, టీ కొట్టు దగ్గర, గేటు ముందు జనం కదులుతుంటే 25 ఎంఎంతో ఫోకస్ ముట్టుకోకుండానే తీయొచ్చు. మనుషులు కుదురుగా కూర్చుంటే, ఒక్కరి ఫోటో కావాలంటే 35 బాగుంటుంది. 50 మాత్రం ఓపిక ఉన్నవాళ్లకి. ఏపీఎస్-సిలో అది ఫుల్ ఫ్రేమ్ 75 ఎంఎంలా కనిపిస్తుంది కాబట్టి ఇరుకు క్వార్టర్ గదిలో వెనక్కి జరగడానికి చోటు కూడా ఉండదు.

సెవెన్ ఆర్టిసన్స్ 25 ఎంఎం ఎఫ్/1.8, టీటీ ఆర్టిసన్ 35 ఎంఎం ఎఫ్/1.4 ఈ రకం చిన్న లెన్స్‌లే. రెండూ 200 గ్రాముల లోపే ఉంటాయి, జేబులో పడతాయి.

కొనేముందు చేత్తో చూడాల్సినవి

- ఫోకస్ రింగ్ మీద దూరం అంకెలు స్పష్టంగా ఉన్నాయా? లేకపోతే జోన్ ఫోకస్ కష్టం.
- రింగ్ మరీ వదులుగా తిరగకూడదు. సెట్ చేసింది బ్యాగులోనే జరిగిపోతుంది.
- సెకండ్ హ్యాండ్ అయితే టార్చ్ వేసి ఫంగస్, అపర్చర్ బ్లేడ్ల మీద నూనె జిడ్డు ఉన్నాయేమో చూడండి.
- మౌంట్ మీ కెమెరాదేనా అని రెండుసార్లు చూసుకోండి.

కెమెరాలో మూడు సెట్టింగ్స్

ఎలక్ట్రానిక్ కాంటాక్ట్స్ లేని లెన్స్‌ని చాలా కెమెరాలు గుర్తించవు. "లెన్స్ లేకుండా షట్టర్" ఆప్షన్ ఆన్ చేయకపోతే క్లిక్ కాదు. లెన్స్ పాడైందని కంగారు పడకండి. ఫోకస్ పీకింగ్ ఆన్ చేసుకోండి, కానీ పెద్ద అపర్చర్‌లో దాన్నే పూర్తిగా నమ్మొద్దు, జూమ్ చేసి కళ్లు చూసుకోండి. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే ఫోకల్ లెంగ్త్ మీరే ఎంటర్ చేయాలి.

మన దగ్గర ఇంకో రెండు మాటలు. ఓపెన్‌కాస్ట్ చుట్టుపక్కల, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద లెన్స్ మార్చకండి, దుమ్ము నేరుగా సెన్సర్ మీద పడుతుంది. అందుకే ఒకే లెన్స్ పెట్టుకుని బయల్దేరడం మేలు. ఇక బాయి లోపలికి కెమెరా, ఫోన్ తీసుకెళ్లే ఆలోచనే వద్దు. మీథేన్ ఉండే చోట మామూలు ఎలక్ట్రానిక్ పరికరం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎవరు కొనొద్దు?

పరుగెత్తే పిల్లల్ని, క్రికెట్‌ని, ఎక్కువగా వీడియో తీసేవాళ్లు ఆటోఫోకస్ లెన్స్‌కే పోండి. పెళ్లిలాంటి ఒక్కసారి జరిగే పని ఒప్పుకున్నా అంతే, కనీసం నెల రోజులు ప్రాక్టీస్ చేసేదాకా.

నేను 50 అమ్మేసి 25 తీసుకున్నా. రోజూ సాయంత్రం టీ కొట్టు దగ్గర రెండున్నర మీటర్లు కళ్లతో కొలవడం ప్రాక్టీస్ చేశా. తర్వాత పక్క క్వార్టర్ కాకా రిటైర్మెంట్ వచ్చింది. ఎఫ్/8, ఐఎస్ఓ 800, నీడలో కూడా షట్టర్ 1/250కి తగ్గలేదు. ఫోకస్ రింగ్ ముట్టుకోలేదు. బ్లర్ పెద్దగా లేదు, కానీ కాకా కళ్లు ఉన్నాయి, వెనక ఆయన దోస్తుల ముఖాలూ ఉన్నాయి. ఆ ముఖాల్లో మా బాపుది కూడా ఒకటి. ఇప్పుడు మా ఇంట్లో ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్నది ఆ ఫోటోనే.