నీనెవె యెందుకు కూలెను?

చదువవలసిన భాగములు: యోనా 4వ అధ్యాయము, నహూము 3వ అధ్యాయము

యోనా ప్రకటనవలన నీనెవె క్షమింపబడిన సంగతి మన సండేస్కూలు పిల్లలు సహితము చెప్పగలరు. తరువాత ఆ పట్టణమునకు ఏమి సంభవించెనని అడిగినచో పెద్దలమైన మనమే తడబడుదుము. క్రీ.పూ. 612లో అది దోచబడి, కాల్చబడి పాడుదిబ్బ ఆయెను.

అష్షూరు అల్పరాజ్యము కాదు. క్రీ.పూ. 722లో షోమ్రోను దానికి లోబడెను. 701లో సన్హెరీబు లాకీషును పట్టుకొని, ఆ ముట్టడిని తన నగరు గోడల రాళ్లపై చెక్కించుకొనెను. ఆ రాళ్లు ఇప్పుడు లండనులోని బ్రిటిషు మ్యూజియములో నున్నవి. నీనెవె ప్రాకారపు చుట్టుకొలత సుమారు 12 కిలోమీటర్లు. అంతటి పట్టణము మూడు నెలల ముట్టడికే పడిపోయెను. కారణము లేమి?

1. భయముమీద కట్టిన రాజ్యము. అష్షూరీయులు జయించిన జనములను పెకలించి దూరదేశములకు తరలించిరి. ఏటేట కప్పము పిండిరి. 689లో సన్హెరీబు బబులోనును నేలమట్టము చేసి, దానిపై కాలువనీళ్లు పారించెను. బబులోనువారు దానిని మరువలేదు. డెబ్బదియేడు సంవత్సరములకు వారే నీనెవె గుమ్మమున నిలిచిరి.

2. ఇంటిలోని కలహము. 681లో సన్హెరీబు కన్నకొడుకుల చేతనే చంపబడెను. అతని మనుమలలో ఒకడు నీనెవెలోను, ఒకడు బబులోనులోను రాజులై, 652 మొదలు 648 వరకు ఒకరితో నొకరు పోరాడిరి. ఆ పోరు సైన్యమును, ధనమును హరించెను. అష్షూరుబానిపాలు చనిపోయిన పిమ్మట సింహాసనము కొరకు మరల కలహము పుట్టెను.

3. మితిమీరిన పగ. సుమారు 647లో అష్షూరు సైన్యము ఏలాము రాజధానియగు షూషనును కొల్లగొట్టెను. పగ తీరెను గాని, తూర్పు దిక్కున మాదీయులకు అడ్డముగా నిలువగల పొరుగువాడు లేకపోయెను.

4. అనావృష్టి. ఇరాకు ఉత్తరభాగమందలి యొక గుహలోని సున్నపురాతి పొరలను పరీక్షించిన పండితులు, క్రీ.పూ. ఏడవ శతాబ్దములో అక్కడ అనేక దశాబ్దములు వర్షములు తగ్గెనని 2019లో తెలిపిరి. కరవు ఒక్కటే రాజ్యమును కూల్చలేదు. పగిలియున్న గోడపై అది మరియొక దెబ్బ.

626లో నబోపొలస్సరు బబులోనులో రాజాయెను. 614లో మాదీయులు అష్షూరు అను ప్రాచీన పట్టణమును పట్టుకొనిరి. తరువాత ఇరువురును ఏకమై నీనెవెను కూల్చిరి. అష్షూరుకు సాయము వచ్చినవారిలో ముఖ్యుడు ఐగుప్తురాజే, అదియు నిలువలేదు. 401లో గ్రీకు సైనికుడైన జెనొఫోను ఆ గోడలప్రక్కగా నడచిపోయెను. అది మాదీయుల పట్టణమని తలంచెను. నీనెవె అను పేరు కూడ అతనికి వినబడలేదు!

నహూము గ్రంథాంతమున నీనెవె పాటు విన్నవారు చప్పట్లు కొట్టుదురు. యోనా గ్రంథాంతమున దేవుడు అదే పట్టణపు జనులమీద, పశువులమీద జాలిపడును. నీనెవె ద్వారమున త్రవ్వినవారికి అక్కడనే కూలిన మనుష్యుల యెముకలు దొరకినవి. వారిలో ఎవరు కప్పము పిండినవారో, ఎవరు కేవలము కాపురమున్నవారో యెముకలు చెప్పవు. గనుక మనము చప్పట్లు కొట్టకమునుపు యోనాను కూడ చదువవలెను.

ఆలోచించుడి: మన యింటిలోను, మన సంఘ పెద్దల సభలోను మాట చెల్లుట భయముచేతనా, నమ్మికచేతనా? మన చేయి సడలిన దినమున మన ప్రక్క నిలుచువారెవరు?